పెయింట్ పోయిన చోటు

"డూప్లికేట్ మాల్ అంటగట్టినాడు భువనా, ఈడ చూడు!" అని మా ఆయన హాల్లోంచి కేకేసేసరికి నేను వంటింట్లో కొబ్బరి తురుముతున్నాను. కేకలు మా ఇంట్లో మామూలే. సాక్సుల్లో ఒకటి కనబడకపోయినా, పేపరు వానకి తడిసినా అన్నీ నా పేరుతోనే మొదలవుతాయి. చెయ్యి కడుక్కుని వెళ్ళి చూద్దును కదా, రెండేళ్ళుగా గోడ మేకుకు వేలాడుతున్న షటిల్ బ్యాటు కవర్లోంచి బయటికొచ్చి ఆయన చేతిలో ఉంది. 

"ఆఫీసులో స్పోర్ట్స్ డే ఉండాదని బయటికి తీస్తిని. గట్టింగ్ తీగల మీద ఎర్రగా లోగో ఉండె కదా, నడిమధ్యన పెయింట్ పొయ్యింది చూడు. నేను ఆడింది నాలుగే దినాలు. మేకుకు తగిలించి పెట్టినదానికి పెయింట్ ఎట్ల పోతాది?"

"దుమ్ము తుడిచేటప్పుడు పోయిందేమోనండీ," అన్నాను.

"తుడిస్తే పోయే పెయింట్ అయితే డూప్లికేటే కదా! సౌకార్‌పేటకి ఈపొద్దే పోదాం. నువ్వూ రా. అమ్మకి ఇడ్లీ పాత్ర తీసుకోవాలంటివి కదా."

మా ఆయన మోహన్‌రాజ్ తర్కం ముందు నేనెప్పుడూ నిలవలేను. పైగా ఆ రోజు నా దగ్గర దొంగ సొమ్ము ఉంది. ఆ పెయింట్ పోగొట్టింది నేను.

ఆ బ్యాటు కథ చెప్పాలి. ఆయనకి షుగర్ ఉంది, ఒళ్ళు కదలాలి అని డాక్టరు చెప్పిన వారంలో ఖరీదు పెట్టి కొన్నాడు. నాలుగు రోజులు ఆడాడు. అయిదో రోజు నడుం పట్టేసింది. నడుముకి నేను ఉప్పు కాపడం పెట్టాను, బ్యాటుకి ఆయన మేకు కొట్టాడు. అప్పట్నించి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ దాన్ని చూపించడం ఆయన పని, దాని మీద దుమ్ము దులపడం నా పని. నేను బ్యాటు అన్నప్పుడల్లా "బ్యాట్ కాదు, రాకెట్ అనాలి" అని దిద్దేవాడు. మా స్కూల్లోనూ ఇదే వరస. స్టాఫ్ మ్యాచ్ రోజు మగ టీచర్లు ఆడతారు, ఆడ టీచర్లం నిమ్మరసం కలుపుతాం. నాకు ముప్పై తొమ్మిదేళ్ళొచ్చాయి. నిమ్మకాయలు పిండటంలో నన్ను మించినవాళ్ళు మాధవరంలో ఉండరు.

ఆరు నెలల కిందట ఒక పొద్దున అయిదున్నరకి పాలకి వెళ్ళాను. బూత్ పక్కనే మా కాలనీ షటిల్ కోర్టు. ఎదురు బ్లాకులో ఉండే విజి, బ్యాంకులో పనిచేస్తుంది, కోర్టులోంచి చెయ్యి ఊపింది. "అక్కా, ఆటకి ఒక ఆళు తక్కువ. చుమ్మా వచ్చి నిలబడు." చుమ్మా, అంటే ఊరికే, నిలబడటానికే వెళ్ళాను, పాల సంచీ కంచెకి తగిలించి. ఎవరో ఒక పాత బ్యాటు చేతికిచ్చారు. షటిల్ కాక్ నా వైపు వచ్చింది. కొట్టాను, తగల్లేదు. మళ్ళీ కొట్టాను, తగల్లేదు. మూడోసారి తగిలింది. ఠప్! ఆ చప్పుడు మోచేతి దాకా పాకింది. పెళ్ళయి పదిహేడేళ్ళలో నేను చేసిన ఏ పనికీ అంత వెంటనే, అంత స్పష్టంగా ఎవరూ జవాబు చెప్పలేదు.

మర్నాటి నుంచి మా ఇంటి బ్యాటు తీసుకెళ్ళాను. కవరు మాత్రం మేకుకే వదిలేసేదాన్ని. ఆరు నెలల పాటు పొద్దున పూట మా హాల్లో ఖాళీ కవరు వేలాడింది, ఎవరూ కనిపెట్టలేదు. పాలకి పది నిమిషాలు పట్టేది గంట పట్టసాగింది. మా అత్త గోవిందమ్మ గుమ్మంలోనే అడిగేది, "ఏమే, పాలు తేను పోతివా, ఆవును కొనను పోతివా?" అని. "క్యూ అత్తా, పెద్ద క్యూ" అనేదాన్ని. చున్నీ నడుముకి బిగించుకుని పరిగెత్తడం, పడటం, మోకాలు గీరుకోవడం, నవ్వడం, చెమటతో తడిసి గాలికి నిలబడటం, ఇవన్నీ ఆ క్యూలోనే జరిగాయి. అబద్ధమాడుతున్నానని బాధ ఉండేదా అంటే, నిజం చెప్తున్నాను, ఉండేది కాదు. ఆకలిగా ఉండేది. ఇంటికొచ్చి నిన్నటి ఇడ్లీలు కూడా ఇష్టంగా తినేదాన్ని.

విజికి నా మీద ఒకటే కంప్లయింటు. జోడీగా ఆడేటప్పుడు ఇద్దరి మధ్యకి కాక్ వస్తే, కొట్టేవాళ్ళు నాది అని అరవాలి. నేను ప్రతిసారీ పక్కకి తప్పుకుని "నువ్వు తీసుకో" అనేదాన్ని. "అక్కా, అది అన్నం గిన్నె కాదు అందరికీ పెట్టడానికి! నాది అను. తమిళంలో అను, తెలుగులో అను, కానీ గట్టిగా అను" అని తిట్టేది. నోరు పెగిలేది కాదు. ఆలోచిస్తే ఆ మాట ఎప్పుడన్నానో గుర్తు రాలేదు. మా ఇల్లు, అత్తతో అంటే మీ అబ్బాయి, మన అమ్మాయి జనని, వాళ్ళ స్కూలు, అన్నీ ఉన్నాయి, ఈ ఒక్క మాట లేదు. నెల రోజులకి గొంతులోంచి వచ్చింది. అరిచాక నేనే ఉలిక్కిపడి కాక్ వదిలేశాను. అందరూ నవ్వారు, నేను మరీ నవ్వాను. ఇప్పుడు ఆగస్టు పదిహేనున జరిగే కాలనీ పోటీలకి మా జోడీ పేరు కూడా ఇచ్చాం. ఇంకా రెండు వారాలుంది. ఇంట్లో తెలిస్తే పొద్దుటి గంటకి ఎన్ని పనులు వచ్చి పడతాయో నాకు తెలుసు. ఆయనకి మూడో కూర, అత్తకి రాగి జావ, ఇస్త్రీ. ఖాళీగా ఉన్న ఆడదాని గంట కనబడితే మా ఇంట్లో ఎవరూ ఊరుకోలేరు.

సౌకార్‌పేటలో ఆ దుకాణం ఉన్న సందులోకి ఆటో దూరదు. దారిలో కొన్న ఇడ్లీ పాత్ర నేను మోస్తూ, బ్యాటు ఆయన మోస్తూ నడిచాం. మాకు బ్యాటు అమ్మిన భక్తవత్సలం గారి దుకాణం ఒక మనిషి కూర్చుంటే నిండిపోయేంత. బ్యాట్లకి గట్టింగ్ వేసి, లోగో అచ్చు పెట్టి రంగు పూసి ఇచ్చేది ఆ పెద్దాయనే. మా ఆయన గొంతు పెంచి మొదలుపెట్టాడు. డూప్లికేట్ అన్నాడు, మోసం అన్నాడు. పెద్దాయన అంతా విని, కళ్ళజోడు పైకి తోసి, బ్యాటుని వెలుతురుకి పట్టి గట్టింగ్ మీద వేలితో తడిమాడు.

"సార్, పెయింట్ ఊరికే పోదు. కాక్ తగిలి తగిలి పోతాది. ఇది నాలుగు దినాల ఆట కాదు. ఆరు నెలలన్నా ఆడుండారు. కొత్తోళ్ళు ఆడితే ఓరన అరుగుతాది, ఫ్రేమంతా గీతలు పడతాది. ఇది చూడండి, నట్టనడిమి, ఒకే చోట. ఎవరో గాని చెయ్యి భలే కుదిరింది."

నా చెవులు వేడెక్కాయి. ఎవరైనా నా చేతిని మెచ్చుకున్నారంటే అది సాంబారు గురించే. పాత్ర గట్టిగా పట్టుకుని నేల చూశాను, నవ్వు కనబడకుండా.

అప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అదీ... కాలేజీలో ఆడినాను లెండి. నా దెబ్బ కొంచెం గట్టిదే. నాలుగు దినాలకే ఇట్లయ్యింటాది."

నేను తలెత్తి చూశాను. ఆయన అబద్ధమాడటం లేదు. నిజంగానే నమ్మేశాడు. అదే నా మనసుకి తగిలింది. ఆయన చెడ్డవాడు కాదు. జ్వరమొస్తే మాత్ర తెస్తాడు, పుట్టినరోజుకి చీర తెస్తాడు. కానీ జననికి లెక్కల్లో మార్కులొస్తే "మా వంశమే లెక్కల్లో గట్టి" అంటాడు, నేను రోజూ సాయంత్రం దాని పక్కన కూర్చుని చేయించిన లెక్కలు ఆయనకి కనబడవు. నా వంట బాగుంటే "మా అమ్మ చేతి రుచి వచ్చేసింది" అంటాడు. అవన్నీ ఇచ్చేశాను, అడగకుండానే. నువ్వు తీసుకో, నువ్వు తీసుకో అంటూ పక్కకి తప్పుకున్నాను. మార్కులు ఇచ్చాను, రుచి ఇచ్చాను. ఈ అరచేతిలో సగమంత చోటు కూడా ఇవ్వాలా?

"సరి, ఇంత దూరం వచ్చినారు, కోపంగా పోవద్దు," అన్నాడు భక్తవత్సలం గారు. "రెండు నిమిషాల్లో కొత్తగా పూసిస్తా." అచ్చు అట్ట తీసి గట్టింగ్ మీద పెట్టాడు. ఎర్ర రంగు సీసా మూత తిప్పాడు.

నిజానికి నా అదృష్టం పండినట్టే. రెండు నిమిషాలు నోరు మూసుకుంటే చాలు. మచ్చ పోతుంది, సాక్ష్యం పోతుంది, రేపు మళ్ళీ పాలకి వెళ్ళొచ్చు. సీసా మూతి గట్టింగ్ దగ్గరికి వంగింది.

"ఆగండి," అన్నాను. "పూయొద్దు. ఆ మచ్చ నాది."

ముగ్గురం ఆ మాట విన్నాం. నేనూ కొత్తగానే విన్నాను.

"నీదా? నువ్వు... యాడ? ఎప్పుడు?" అన్నాడు మా ఆయన.

"కాలనీ కోర్టులో. పొద్దున పాలకి పోయినప్పుడు. ఆరు నెలలుగా."

"మరి ఆ క్యూ?"

"క్యూ లేదండీ. ఎప్పుడూ లేదు."

భక్తవత్సలం గారు సీసా మూత బిగించి గట్టిగా నవ్వాడు. బ్యాటు మా ఆయన చాపిన చెయ్యి దాటించి నా చేతికి ఇచ్చాడు. "అమ్మా, పిడికి గ్రిప్ మార్చుకో. నీ చెయ్యి చిన్నది, ఇది లావు."

సందు దాటేదాకా మా ఆయన నాకన్నా రెండడుగులు ముందు నడిచాడు. మెయిన్ రోడ్డు మీదికొచ్చాక ఇడ్లీ పాత్ర నా దగ్గర్నుంచి తీసుకున్నాడు, నాకు చేతులు ఖాళీ లేవని అప్పుడే చూసినట్టు. "నిజంగా అంత బాగా ఆడతావా?" అన్నాడు. "ఆడతాను," అన్నాను. "మరి స్పోర్ట్స్ డేకి నాకు బ్యాటు?" అన్నాడు. రాకెట్ అనలేదు. "అడిగితే ఇస్తాను," అన్నాను.

ఇంట్లో విషయం విని మా అత్త ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "నాకు ముందే తెల్సులే. నువ్వు తెచ్చేసరికి పాల ప్యాకెట్ సల్లగానే ఉండదు, క్యూలోంచి నేరుగా తెస్తే అట్లుంటాదా? చెప్పి పోయింటే నేను వద్దంటానా?" అంది. వద్దనేదే. అది నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వేశాం.

మర్నాడు పొద్దున బ్యాటు కవరుతో సహా భుజానికి తగిలించుకున్నాను. మేకు బోసిగా ఉంది. వంటింట్లోంచి పాల సంచీ తెచ్చి దానికి తగిలించి, మా ఆయన్ని లేపాను. "డాక్టరు ఒళ్ళు కదలాలన్నాడు కదండీ. ఇకనించి పాలు మీరు తెండి."

ఆట సగంలో ఉండగా కంచె దగ్గర ఆయన కనబడ్డాడు. నిద్ర కళ్ళు, చేతిలో సంచీ, అందులో మూడు ప్యాకెట్లు. "భువనా, బూత్ కాడ ఒక్కరు గూడా లేరే!" అన్నాడు, అదేదో తనే కనిపెట్టినట్టు. జవాబు చెప్దామనుకున్నాను. అప్పటికే కాక్ నాకూ విజికీ సరిగ్గా మధ్యలోకి దిగుతోంది.

"నాది!" అని అరిచాను.