తొట్టెలో వానపాములు

రత్నం తొట్టెలో చెయ్యి పెట్టి ఎరువు పైపొర తిరగేసింది. వానపాములు కదల్లేదు. తెల్లబడి, మెత్తబడి, వేళ్లకి దారప్పోగుల్లా అంటుకున్నాయి. ఇంకోచోట తవ్వింది. అక్కడా అంతే. ఏడుపు రాలేదు.

చుట్టూ రొయ్యల చెరువులే, కాట్రేనికోన రోడ్డు దాకా. మధ్యలో ఆమె పేరున ముప్పై సెంట్ల కొబ్బరితోట. అదీ లీజుకిమ్మని చెరువుల బంగారరాజు ఏడాదిగా తిరుగుతున్నాడు. ఇచ్చేద్దామన్నాడు మొగుడు సత్యదుర్గారావు. రత్నం ఒప్పుకోలేదు. రాలిన మట్టలూ అరటి బోదెలూ పేడా కుళ్లబెట్టి వానపాములకి వేస్తాను, ఆ ఎరువుకి చెట్లు మళ్లీ కాస్తాయి, ఈ ఒక్క వేసవీ చూడు అంది. వానపాములు వాటి పని అవి చేశాయి. కుళ్లిందల్లా తిని టీపొడిలాంటి ఎరువు పెట్టాయి.

ఏప్రిల్లో కాలువకి నీళ్లు కట్టేశారు. అప్పట్నుంచి తొట్టెకి బోరు నీళ్లే చల్లింది.

లేచి వెళ్లి బోరు కొట్టి, దోసిట పట్టి నోట్లో పోసుకుంది. ఉప్పు. మూడేళ్లుగా ఇంట్లో తాగేది టిన్ను నీళ్లు. సబ్బు నురగ రావట్లేదని సబ్బు మార్చిందే గానీ బోరు నీళ్లు రుచి చూడలేదు. ఊళ్లో ఎవడు చూశాడు గనక! చెరువుల ఉప్పు భూమిలోకి దిగుతోందని అందరికీ తెలుసు. తెలిసి నోరు మూసుకున్నారు, అంతే.

పదింటికి బంగారరాజు కాగితాలతో వచ్చాడు.

"ఏమండీ రత్నంగారూ, మీ పాములు కులాసాయేనాండీ?"

"చచ్చిపోయేయండి."

"అయ్యయ్యో! ఎండకాండీ?"

ఆమె గ్లాసుతో బోరు నీళ్లు తెచ్చి ఇచ్చింది. మర్యాదకి ఓ గుక్క తాగి తుపుక్కున ఉమ్మేశాడు.

"బోరు నీళ్లిచ్చేరేంటండీ! మేం టిన్ను నీళ్లే తాగుతామండి."

"ఆయ్. వాటికి టిన్ను తెప్పించలేదండి. నాదే తప్పు."

బంగారరాజు లీజు కాగితాలు తీసి ఆమె ముందు పరిచాడు.

"ఇంకేం చూస్తావే? రేపు చెట్లకీ ఇదే గతి. సంతకం పెట్టెయ్," అన్నాడు సత్యదుర్గారావు.

పెట్టింది. మూడుచోట్ల. ఎవరి సంతకమో పెడుతున్నట్టుంది.

"పొక్లెయిన్ రేపే పంపేస్తానండి."

"ఎల్లుండి పంపండి. అడుగున బతికున్నవుంటే ఏరుకోవాలి."

"ఏరి ఏం చేసుకుంటారండీ?"

"రాయవరంలో మా చెల్లి వాళ్ల బోరు ఇంకా తియ్యగానే ఉందండి."

వాళ్లు తోట కొలవడానికి వెళ్లారు. రత్నం తొట్టె అడుగుదాకా తవ్వింది. ఓ మూల పాత పేడముద్దలో ఎర్రగా మూడు కదిలాయి. కొబ్బరిచిప్పలో వేసుకుంది. తోటలో టేపు పట్టుకున్నవాళ్లు ఏవో అంకెలు అరుస్తున్నారు. ఆమె ఇంకో ముద్ద చిదిపింది.