కొల్లేటికి రెండు గీతలు

నిలోఫర్‌ది ఏలూరు. చరిత్రలో పీహెచ్‌డీ చేస్తూ ప్రాంతీయ అధ్యయనాల స్పెషలైజేషన్ కూడా తీసుకుంది. అందుకని జాగ్రఫీలో రెండు కోర్సులు చదివి, కొల్లేటి హద్దుల మీద ఒక అధ్యాయం రాసింది. కమిటీలో జాగ్రఫీ ఆచార్యులు ఒకరుండాలి. ఆ ఒకరు సత్యవేణిగారు. వైవా కాకముందే ఆవిడ రిటైరయ్యారు. సర్వీసులో ఉన్నవాళ్లే కూర్చోవాలని నిబంధన.

నిలోఫర్ తాడేపల్లిగూడెంలో ఆవిడ ఇంటికి వెళ్లింది.

"జాగ్రఫీలో ఇంక నాగదుర్గారావుగారొక్కరే ఉన్నారమ్మా," అన్నారు సత్యవేణి.

కిందటేడు సెమినార్లో అందరి ముందూ, నిలోఫర్ గీసిన హద్దు తప్పనీ, చరిత్రవాళ్లకి మ్యాపులెందుకనీ అన్నది ఆయనే.

"స్పెషలైజేషన్ వదిలేసుకుంటానండీ. పీహెచ్‌డీ ఎలాగూ వస్తుంది కదా."

"వస్తుంది. ఆ అధ్యాయం మాత్రం తీసెయ్యాలి. తీసెయ్యగలవా?"

మర్నాడు నిలోఫర్ నాగదుర్గారావు గదికి వెళ్లింది.

"నా అభిప్రాయం మారదమ్మాయ్. అయినా నేనే కావాలా?"

"కావాలండీ. ఆ రోజు మీరన్నది నాకింకా తేలలేదు."

ఆయన అధ్యాయం తిరగేశారు. "అన్నీ వానాకాలం సంగతులే. వేసవిలో చూశావా?"

చూడలేదు. మే నెలలో కలిదిండి మీదుగా బేబీరాణి వాళ్ల ఊరు వెళ్లింది. చేపలు పట్టే ఆ కుటుంబం దగ్గరే నిలోఫర్ పరిశోధన కోసం వర్షాల్లో ఉండేది. అప్పుడు దోనెలో తిరిగినచోట ఇప్పుడు ఆటో ధూళి లేపుకుంటూ పోతోంది. నిలోఫర్‌కి తన మ్యాపు మీదే కోపం వచ్చింది. తిరిగొచ్చి అధ్యాయమంతా మళ్లీ రాసింది. ఈసారి సరస్సుకి రెండు గీతలు గీసింది.

వైవాలో నాగదుర్గారావు ఆ పేజీ దగ్గరే ఆగారు. "హద్దంటే ఒకటే ఉండాలి. ఏది?"

"ఒక్కటే గీస్తే, ఏదో ఒక కాలంలో అబద్ధం అవుతుందండీ."

"చట్టం రెండు గీతల్ని ఒప్పుకోదు."

"నేను రాసేది చట్టం కాదండీ. అక్కడ మనుషులు ఎలా బతికారన్నది."

ఆయన చాలాసేపు మ్యాపు చూసి, పెన్ను తీశారు. హద్దు విషయంలో తాను ఏకీభవించడం లేదనీ, స్పెషలైజేషన్‌కి కావలసిన అర్హత మాత్రం అభ్యర్థికి ఉందనీ రాసి సంతకం పెట్టారు.

సాయంత్రం ఇంట్లో తల్లి మహబూబ్ బీ గుమ్మంలోనే అడిగింది. "ఆయన ఒప్పుకున్నారా?"

"లేదమ్మీ. పాస్ చేశారు."

మహబూబ్ బీకి అర్థం కాలేదు. అయినా కూతురి మొహం చూసి, పక్కింటివాళ్లకి చెప్పడానికి బయల్దేరింది.