నన్ను తీసేసి చూసిన పది రోజులు

అయినా గుడ్డు కాదని మూడో వారంలోనే తేలిపోయింది కదా, మళ్ళీ గుడ్డు దగ్గరికే ఎందుకు పోతుంది నా బుర్ర, గుడ్డు మానిపించి ఆరు రోజులు చూశాను, దద్దుర్లు ఆగలేదు, పాలు మానిపించాను, పిల్ల ఖాళీ గ్లాసు పట్టుకుని ఇల్లంతా నా వెనకే తిరిగింది, దద్దుర్లు మాత్రం టైముకి వచ్చేశాయి, సబ్బు మార్చాను, దుప్పటి మార్చాను, పక్కింటి పిల్లిని గుమ్మం తొక్కనివ్వలేదు, ఆ పిల్లి ఇప్పటికీ నన్ను చూస్తే మొహం తిప్పుకుంటుంది, పిల్ల వాళ్ళ నాన్న లారీ మీద ఊళ్ళు తిరుగుతూ ఫోన్లో, దోమలేమో చూడవే అంటాడు, ఆ మనిషికి లోకంలో అన్నిటికీ దోమలే కారణం, దోమతెర కట్టాను, తెరలోపలే వచ్చాయి, ఏదీ కాదు, ఏదీ కాకపోతే ఇంట్లో మిగిలింది ఏమిటి, నేను, అదుగో బస్సు వంతెన దిగింది, ఇంకో రెండు స్టాపులు దాటితే అక్క వాళ్ళ వీధి, ఇవాళ పదో రోజు, మూడేళ్ళ నా కూతురు పది రోజులుగా అక్క దగ్గరే ఉంది, రోజూ సాయంత్రం వెళ్ళి గుమ్మం బయట నిలబడి చూసి వస్తున్నాను, చిటికెన వేలితో కూడా ముట్టుకోలేదు.

ఎవరూ చెప్పలేదు ముట్టుకోవద్దని, నాకు నేనే చెప్పుకున్నాను, రంగుల షెడ్డులో పదకొండేళ్ళుగా నా పని ఇదే మరి, అద్దిన బట్టను కింద దీపాలున్న గాజుబల్ల మీద పరిచి మచ్చ పట్టుకోవడం, మచ్చ దొరికాక అది ఎక్కడ పుట్టిందో పట్టుకోవడం, దానికి చదువు అక్కర్లేదు, మొండితనం చాలు, ఒక్కొక్కటే తీసేసి చూడాలి, ఉప్పు మార్చి ఒక వాయి, నీళ్ళు మార్చి ఒక వాయి, రంగు పొడి మార్చి ఒక వాయి, దేన్ని తీసినప్పుడు మచ్చ మాయమైతే దోషి అదే, ఒకసారి ఏది తీసినా పోలేదు, చివరికి తొట్టి దగ్గర బట్ట తిప్పే మనిషినే నాలుగు రోజులు పక్కకి పంపమన్నాను, మచ్చ పోయింది, ఆమె తలకి రాసుకున్న నూనె చేతులకి అంటి, చేతుల్నుంచి బట్టకి అంటుతోంది, మేస్త్రి నన్ను మెచ్చుకున్నాడు, ఆమెను మూటలు కట్టే చోటికి మార్చేశారు, పోతూ పోతూ అడిగింది, మనుషుల్ని కూడా తీసేసి చూస్తావా నువ్వు, నేను పెద్ద తెలివైనదానిలా అన్నాను, మచ్చకి ఉప్పని, మనిషని తేడా ఉండదమ్మా, చేతి తొడుగుల కోసం గేటు ముందు మూడు రోజులు బైఠాయించినప్పుడు నా పక్కన కూర్చున్నది ఆ మనిషే, ఆ సంగతి నాకు అప్పుడు గుర్తు రాలేదు, ఇప్పుడు బస్సు కిటికీ పక్కన కూర్చుంటే గుర్తొస్తోంది.

డాక్టరమ్మ మాత్రం నేను కారణం అనలేదు, రక్తం తీయించింది, కాగితాలు తిరగేసింది, అన్నీ బాగానే ఉన్నాయమ్మా అంది, బాగానే ఉంటే వీపు మీద ఎర్రగా ఉబ్బిన ఆ తట్లు ఎవరివి, పైగా ఆసుపత్రి మెట్లు ఎక్కేలోగా మాయమైపోతాయి, ఇంటికి రాగానే మళ్ళీ హాజరు, నన్ను అబద్ధాలకోరుని చేయడానికే పుట్టినట్టు, ఫోన్లో ఫొటోలు చూపించాను, చూడమ్మా, చిన్నపిల్లల్లో చాలాసార్లు దీనికి కారణం దొరకదు, దురదకి ఈ మందు పొయ్యి, పెదవులు వాచినా, ఊపిరి ఇబ్బందైనా వెంటనే పట్టుకొచ్చెయ్, లేకపోతే కొన్నాళ్ళకి దానంతట అదే పోతుంది, అంది, కారణం దొరకదని అంత తాపీగా ఎలా అంటారు, మచ్చ దానంతట అదే పోతుందయ్యా అని నేను మేస్త్రితో అంటే మర్నాడు గేటు బయట ఉంటాను, మేడమ్, నేను రంగుల్లో పనిచేస్తాను, నా ఒంటి మీంచి ఏమైనా, అని నసిగాను, నీకు సెలవైన రోజుల్లో కూడా వస్తున్నాయిగా, అలా అనిపించడం లేదమ్మా అంది, అనిపించడం లేదు అన్నది నా బల్ల మీద చెల్లదు, తీసి చూడాలి, ఆ సాయంత్రమే పిల్లని, దాని బట్టల సంచిని అక్క దగ్గర దింపేశాను.

అక్క నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది, ఏమే, పిచ్చి గానీ పట్టిందా, నువ్వు దాని అమ్మవే, రంగు డబ్బావి కాదు, పది రోజులే అక్కా, పది రోజుల్లో తేలిపోతుంది, తేలి ఏం చేస్తావు, నువ్వే అని తేలితే ఉద్యోగం మానేస్తావా, మానేస్తాను, మానేసి ఏం తింటావు, ఏదో ఒకటి, నీ మొహంలా ఉంది, ఇలా అంటూనే సంచి లోపల పెట్టుకుంది, నేను నిజంగానే అన్నాను, నేనే అయితే ఎంత బాగుండును, నేనే అయితే నన్ను తీసేస్తే సరిపోతుంది, అంతకంటే తేలిక ఏముంది అనుకున్నాను, తేలిక అట, ఈ పది రోజులూ షెడ్డులో బల్ల దగ్గర నిలబడి నాకు తెలియకుండానే ఎడమ నడుం పక్కకి వంచుతున్నాను, అక్కడ పిల్ల లేదు, దాని బరువు కోసం ఎముక దానంతట అది జరిగి చోటిస్తోంది, నిద్రలో పొట్ట మీద వచ్చి పడే ఆ చిన్న పాదం లేక పొట్ట అంతా ఖాళీగా చల్లగా ఉంటోంది, దాని మాడు మీద చెమటా పాలూ కలిసిన వాసన ఒకటుంటుంది, దాన్ని దుప్పటిలో వెతికితే దొరకలేదు, ఉతికేశానుగా, నేనే, దద్దుర్ల కోసం, వేడినీళ్ళలో రెండుసార్లు, ఇన్నేళ్ళలో నేను పట్టిన మచ్చల్లో ఏదీ ఇంత శుభ్రంగా పోలేదు.

స్టాపు వచ్చింది, దిగాను, షెడ్డు పంపు దగ్గరే మోచేతుల దాకా రుద్దుకుని బట్టలు మార్చుకున్నాను, అయినా వీధి పొడుగునా చేతులు ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని నడుస్తున్నాను, అరువు తెచ్చిన చేతుల్లాగా, అక్క గుమ్మంలోనే ఎదురైంది, మొహం చూస్తే ఏదో ఉంది, పొద్దున వచ్చాయే, వీపు నిండా, తొడల మీద కూడా, మందు పోశాను, కాస్త తగ్గాయి, అంది, నాకు కోపం రాలేదు, ఏడుపు రాలేదు, సంతోషం వేసింది, వచ్చాయి, నేను లేకుండానే వచ్చాయి, నేను కాదు, పండగ చేసుకోవాలనిపించింది, ఆ మరుక్షణమే నన్ను నేనే అడిగాను, కన్నబిడ్డ ఒంటి మీద దద్దురు లేచిందంటే సంబరపడే తల్లి ఉంటుందా, ఉంది, ఇక్కడ నిలబడి ఉంది, ఆ సంబరం ఇంకా దిగకుండానే దాని అడుగున ఉన్నది కూడా కనిపించింది, నేను కాకపోతే ఇంక తీయడానికి ఏమీ మిగల్లేదు.

అప్పుడు పిల్ల వచ్చింది, పరిగెత్తి రాలేదు, మెల్లగా నడిచి వచ్చి గడపకి జానెడు అవతలే తనే ఆగిపోయింది, పది రోజుల్లో నేర్చేసుకుంది ఎక్కడ ఆగాలో, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది, అమ్మా, లేవు, అంది, ఏం లేవురా, ఎర్రవి లేవు, పోయాయి, నువ్వు రావచ్చు, అంటూనే వెనక దాచిన ముంజేతిని రెండో చేత్తో గోకుతోంది, నాకు కనపడకుండా, ఎంత జాగ్రత్తగా గోకుతోందో, అక్క అటు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది, నేను తీసింది నన్ను అనుకున్నాను, ఈ మూడేళ్ళది తనని తీసేశారనుకుంది, దద్దురుంటే అమ్మ దగ్గరికి రాదు, దద్దురు లేకపోతే అమ్మ దగ్గరికి వస్తుంది, ఒంటరిగా కూర్చుని అది కూడా లెక్క తేల్చుకుంది, నా కూతురే మరి, నాలాగే తప్పుగా.

గడప మీద చతికిలబడ్డాను, రా అన్నాను, అది అక్క వైపు చూసింది, వెళ్ళవే, అంది అక్క, వచ్చి ఒళ్ళో పడింది, వేడిగా, బరువుగా, ముంజెయ్యి ముందుకి తీశాను, మణికట్టు పైన తట్టు, మధ్యలో తెల్లగా, చుట్టూ ఎర్రగా, ఉందిగా అన్నాను, కొంచెమే అంది, దాని మీద నా అరచెయ్యి పెట్టాను, దురద పెడుతోందా అంటే ఊఁ అని తల నా మెడలో దూర్చింది, ఆ చర్మం కింద ఏం జరుగుతోందో నాకు తెలీదు, డాక్టరమ్మకీ తెలీదు, రేపు పొద్దున మళ్ళీ వస్తుందేమో, నెల పోయాక కూడా వస్తుందేమో, కారణం నేనే కావాలని ఎందుకంత కోరుకున్నానో ఇప్పుడు తెలుస్తోంది, తప్పు నాదైతే కనీసం దాని పగ్గం నా చేతిలో ఉండేది, లేదు, ఎవరి చేతిలోనూ లేదు, దీనికి కారణం తెలియకపోయినా దీని మీద చెయ్యి వేసుకుని కూర్చోవచ్చు, దానికి ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు, గోకకురా, నేను పట్టుకుంటానులే, అన్నాను, పట్టుకున్నాను.