రాతి సవతి

పెయింటరుకి మాటలు తక్కువ. పెళ్ళయిన కొత్తలో టైలరమ్మ దాన్ని మంచితనం అనుకుంది, తర్వాత బిడియం అనుకుంది, ఆ తర్వాత అనుకోవడం మానేసింది. షాపుల బోర్డులు రాసే మనిషి కదా, ఉన్న మాటలన్నీ గోడల మీదే ఖర్చయిపోతాయేమోనని వాళ్ళక్కతో అని నవ్వేది. అలాంటివాడు ఒక ఆదివారం భోజనానికి కూర్చుని, ఎవరూ అడగకుండానే నోరు విప్పాడు.

"ఇవాళ ఒకావిడ గురించి తెలిసింది," అన్నాడు.

టైలరమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఎవరావిడ?"

"నర్సు. పాత సమాధుల తోటలో ఉంది."

ఉంది అన్నాడు కానీ, పూడ్చారు అనలేదు. అది ఆమె చెవిలో అలాగే ఉండిపోయింది.

బోర్డులన్నీ మిషన్ల మీద అచ్చవడం మొదలయ్యాక పెయింటరుకి పని సన్నగిల్లింది. పాత మార్కెట్ వెనకాల ఒక సమాధుల తోట ఉంది. రిటైరైన లెక్చరర్ ఒకాయన ఆదివారం పొద్దున జనాన్ని పోగేసి అక్కడ తిప్పుతూ, ఏ రాయి కింద ఎవరున్నారో, ఎలా పోయారో కథలుగా చెప్తుంటాడు. చెక్కిన అక్షరాలు వానలకీ నాచుకీ మాసిపోయి కనిపించడం లేదని, వాటిలో నల్లరంగు నింపమని ఆయన పెయింటరుని పిలిచాడు. అలా దొరికింది నర్సు.

ఎప్పుడో నగరమంతా విషజ్వరాలు వచ్చినప్పుడు ఆవిడ ఆ వార్డులో రాత్రనక పగలనక పని చేసిందట. అందరూ కోలుకుని, ఇక వార్డు మూసేస్తారనగా జ్వరం ఆవిడకి తగులుకుందట. బతికి బయటపడినవాళ్ళే ఆ రాయి వేయించారు. దాని మీద పేరు, వయసు, కింద ఒక్క వాక్యం: మమ్మల్ని లేపి తాను పడుకుంది.

మొదటిరోజు విన్నప్పుడు టైలరమ్మకి కూడా కళ్ళు చెమర్చాయి. కానీ మర్నాడూ ఆవిడ కథే, ఆ మర్నాడూ ఆవిడే. ఆవిడ పొడగరి అయ్యుంటుందన్నాడు. గొంతు మెత్తగా ఉండేదేమో అన్నాడు.

"మీకు వినబడిందా?" అంది టైలరమ్మ.

ఆయనకి ఆ మాటలో మంట తెలియలేదు. "జ్వరం వార్డులో గట్టిగా మాట్లాడితే ఎలా?" అన్నాడు నిజంగానే ఆలోచిస్తూ.

మరో వారం పెద్ద కాగితం ఒకటి చుట్టచుట్టి తెచ్చాడు. రాయి మీద ఆ కాగితం పరిచి మైనపు ముక్కతో రుద్దితే అక్షరాలన్నీ అచ్చు దిగాయి. దాన్ని పడగ్గదిలో మంచానికి ఎదురుగా గోడకి కొట్టాడు. ఆ రోజు నుంచి టైలరమ్మ అటు వీపు తిప్పి పడుకోవడం మొదలుపెట్టింది.

ఆమె కోపానికి ఇంకో కారణం ఉంది. ముందుగదిలో మిషన్ వేసుకుని కుట్టుషాపు పెట్టిన రోజు నుంచీ ఒక బోర్డు రాసివ్వమని అడుగుతూనే ఉంది. రాస్తానన్నాడు. పలక కొన్నాడు, తెల్లరంగు పూత కూడా వేశాడు. ఆ పలక అప్పటినుంచి బీరువా వెనక దుమ్ము తింటోంది. కట్టుకున్న పెళ్ళాం పేరు రాయడానికి తీరిక లేని మనిషికి, చచ్చి మట్టయిన మనిషి పేరు వారం వారం దిద్దడానికి తీరిక ఎక్కడినుంచి వచ్చింది?

ఫోన్‌లో అక్క ముందు ఇదంతా కక్కేసింది.

"పోయినదాని మీద కుళ్ళేంటే నీకు? ఎవరైనా వింటే నవ్విపోతారు," అంది అక్క.

"బతికున్నదైతే జుట్టు పట్టుకుని అడిగేదాన్నక్కా. దీనికి ముసలితనం లేదు, రోగం లేదు, పొద్దున్నే లేచి వంట చెయ్యక్కర్లేదు. దీంతో ఎలా పోటీ పడమంటావ్?"

అక్క నవ్వింది. టైలరమ్మకి నవ్వు రాలేదు.

ఒక బుధవారం పెయింటరు ఏదో స్కూల్లో తరగతి గదులకి నంబర్లు వేయడానికి వెళ్ళాడు. టైలరమ్మ మిషన్ మీద గుడ్డ కప్పి, ఆయన సామాన్లలోంచి రంగు కరిగించే టర్పెంటైన్ సీసా తీసి, చేతికందిన గుడ్డపేలికలతో పాటు సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

తోట గేటు దగ్గర కాపలా తాత కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు. "ఎవరికోసమమ్మా?"

"నర్సు."

"మీకేమవుతుంది?"

"సవతి," అంది టైలరమ్మ.

తాత ఆమెను ఎగాదిగా చూసి, చెయ్యెత్తి దారి చూపించాడు.

ఆమె అంతకుముందు ఆ తోటలో అడుగుపెట్టలేదు. గడ్డి మోకాళ్ళదాకా ఉంది. రాళ్ళు కొన్ని నిటారుగా, కొన్ని పక్కవాటి మీద వాలి ఉన్నాయి. చదవకూడదనుకుంటూనే చదివింది. ఒకచోట ఓడ నడిపినాయన ఉన్నాడు, సముద్రమే కనబడని ఈ ఊళ్ళో. ఒకచోట తల్లీ బిడ్డా ఒకే తేదీ. ఇంకోచోట అన్నదమ్ములిద్దరి మధ్యా చిన్న గోడ కట్టి ఉంది. బతికుండగా పంచుకున్నది చాలక ఇక్కడ కూడా వాటాలు వేసుకున్నారేమో. మరొకప్పుడైతే ఆ గోడ దగ్గర కాసేపు నిలబడి నవ్వుకునేది.

నర్సు రాయిని వెతుక్కోనక్కర్లేకపోయింది. తోట మొత్తంలో శుభ్రంగా ఉన్నది అదొక్కటే. చుట్టూ గడ్డి పీకి, సన్న కంకర పరిచి ఉంది. నాచు గీకేసి ఉంది. ప్రతి అక్షరంలో రంగు గాడి దాటి వెంట్రుకవాసి బయటికి రాలేదు. తన మిషన్ కింద దారప్పోగులు ఏనాడూ ఊడ్చని మనిషేనా ఇదంతా చేసింది?

సీసా మూత తీసి పేరు మీద ఒంపింది.

అక్షరాలు శుభ్రంగా తుడుచుకుపోతాయనుకుంది. అలా జరగలేదు. రంగు కరిగి నల్లగా కారింది. గుడ్డతో రుద్దితే రాయంతా పాకింది. ఇంకా రుద్దితే రాయి రంధ్రాల్లోకి ఇంకి బూడిదరంగు మచ్చ పట్టింది. కింద వాక్యం మీదికి కూడా దిగింది. చేతిలోని గుడ్డ ఎక్కడ పారేసిందో కూడా చూసుకోకుండా గేటుకేసి నడిచింది. తాత ఏదో అడిగాడు, ఆమె వినిపించుకోలేదు.

ఆదివారం వరకూ ముళ్ళ మీద కూర్చున్నట్టే గడిచింది. ఇంట్లో ఉండి ఆయన తిరిగొచ్చేదాకా ఎదురుచూడటం తనవల్ల కాదని తెలిసిపోయింది.

"నేనూ వస్తాను," అంది పొద్దున్నే.

పెయింటరు మొహం విప్పారింది. "నిజంగానా? రా మరి. ఇవాళ ఆవిడ దగ్గర నన్నే మాట్లాడమన్నారు."

గుండెల్లో రాయి పడింది.

లెక్చరర్ గొడుగు ఊపుకుంటూ ముందు నడిచాడు. వెనక పాతికమందిదాకా జనం. ఓడ నడిపినాయన దగ్గర ఆగారు, అన్నదమ్ముల గోడ దగ్గర ఆగి నవ్వారు. టైలరమ్మ చివర్న నడుస్తోంది. ముందున్నవాళ్ళ మాటలు ఒక్కసారిగా ఆగిపోయేసరికి చేరాల్సినచోటికి చేరారని అర్థమైంది.

"ఇదేంటండీ ఇలా అయింది?" అన్నాడు లెక్చరర్.

పెయింటరు రాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. మచ్చ మీద వేలు పెట్టి వాసన చూశాడు. టర్పెంటైన్ వాసన ఆయనకి కొత్త కాదు. పక్కన కంకరలో గుడ్డపేలిక ఒకటి పడి ఉంది. నల్లగా మారినా, బూడిదరంగు బట్ట మీద నీలం గీత తెలుస్తూనే ఉంది. నెల్లాళ్ళుగా ముందుగది నిండా ఆ బట్టే, యూనిఫారాల బట్ట. దాన్ని తీసి మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

"నాసిరకం రంగు," అన్నాడు లేచి. "వానకి కారింది. తప్పు నాదేనండీ."

వాన పడి చాలా రోజులైంది. లెక్చరర్ ఆకాశంకేసి చూసి, ఆయనకేసి చూశాడు. "ఇక మిగతా రాళ్ళు ముట్టుకోకండి," అని ముక్తసరిగా అనేసి జనాన్ని ముందుకు తీసుకుపోయాడు.

ఇద్దరూ మిగిలారు. తనని కాపాడటానికి అబద్ధమాడాడు సరే, కానీ ఆ అబద్ధం చెప్పేటప్పుడు కూడా ఆయన చూపు రాయి మీదే ఉంది. టైలరమ్మకి సిగ్గేసినా ఆ మంట మాత్రం తగ్గలేదు.

"నేనే చేశాను," అంది.

"తెలుసు."

"ఎందుకు చేశానని అడగరా?"

ఆయన అడగలేదు. దాంతో ఆమె ఆపుకోలేకపోయింది. "ఎన్నేళ్ళ కాపురం మనది? ఎప్పుడైనా నా గొంతు ఎలా ఉంటుందో ఎవరికైనా చెప్పారా? పొద్దున ఆవిడ, సాయంత్రం ఆవిడ, పడుకుంటే గోడ మీద ఆవిడ. పైకి చెప్పుకుంటే నవ్వుతారు. లోపల పెట్టుకుంటే చచ్చిపోతున్నాను."

పెయింటరు తెల్లబోయాడు. "ఆవిడ మీదా నీ కోపం?"

"ఇంకెవరి మీద?"

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆమె వేలిని పేరులోని చివరి అక్షరం గాడిలో పెట్టి, వంపు వెంట నడిపించాడు. "ఎక్కడ మొదలుపెట్టాడో తెలుస్తోందా? ఎక్కడ తిరిగాడో? ఉలి ఎక్కడా ఆగలేదు. రాయి మీద ఇలా రాసినవాడు ఎలాంటివాడై ఉంటాడు? నేను గోడ మీద, మెత్తటి కుంచెతో, ఒక్కరోజు కూడా ఇలా తిప్పలేకపోయాను."

"ఎవరి గురించి చెప్తున్నారు?"

"చెక్కినవాడి గురించి. వాడి పేరు ఎక్కడా లేదు. రంగు వేసే వంకతో వచ్చి, వారం వారం వాడి చెయ్యి మీద నా చెయ్యి పెట్టి చూసుకునేవాణ్ణి. వాడంటే నాకు ఒళ్ళు మంట."

"మరి నర్సు, నర్సు అని అన్ని కబుర్లు దేనికి?"

"వాడి గురించి చెప్తే నాకు చేతకాదని నేనే ఒప్పుకున్నట్టు కదా. ఆవిడ గురించైతే చెప్పడానికి ఇబ్బంది లేదు. పైగా నువ్వు వింటున్నావనుకున్నాను."

టైలరమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాసేపటికి, అసలు అడగాల్సింది అడిగింది. "నా బోర్డు ఎందుకు రాయలేదు?"

ఆయన కంకరరాళ్ళు ఒకచోట నుంచి ఇంకోచోటికి పెట్టాడు.

"నువ్వు షాపు పెట్టిన ఏడాదే నాకు పని తగ్గిపోయింది," అన్నాడు చివరికి. "బోర్డు లేకుండానే నీ గుమ్మం ముందు జనం. ఊరంతా బోర్డులు రాసిన నన్ను పిలిచేవాడు లేడు. పలక తీసి కుంచె పట్టుకుంటే చెయ్యి కదిలేది కాదు. కుళ్ళనే అనుకో. అది కుళ్ళే."

ఇన్నేళ్ళూ తనని ఈయన చూడనే లేదనుకుంది. చూశాడు. గుమ్మం ముందు ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో అన్నీ చూసి పళ్ళు నూరుకున్నాడు. ఆమెకి కోపం వచ్చింది, చాలానే వచ్చింది. దాని అడుగున ఎక్కడో కాస్త గర్వం కూడా కదిలింది.

"అయితే రాయకండి," అంది లేస్తూ. "ఏడుస్తూ రాసిన బోర్డు నాకొద్దు. ముందు ఈ మచ్చ సంగతి చూద్దాం పదండి."

తాత దగ్గర బకెట్టు, సబ్బు, కొబ్బరిపీచు దొరికాయి. ఎండ నెత్తి మీదికొచ్చేదాకా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తోమారు. మచ్చ చాలావరకు వదిలింది. రంగు మొత్తం పోయింది. ఆ తర్వాత ఎండ పక్కకి వాలినప్పుడు చూస్తే, గాడుల్లో నీడ చేరి అక్షరాలు వాటంతటవే తేటగా కనబడుతున్నాయి.

"దీనికి రంగు అక్కర్లేదు," అన్నాడు పెయింటరు. ఆ మాట అనడానికి ఆయనకి కష్టమైంది.

లెక్చరర్ మళ్ళీ ఆయన్ని పిలవలేదు. కానీ నెల తిరక్కముందే పెయింటరు, సమాధుల తోట ఎదురుగా ఉన్న రాళ్ళ దుకాణంలో చేరాడు. జుట్టు నెరిశాక ఉలి పట్టడం నేర్చుకున్నాడు. గోడ మీది కాగితం తనే ఊడదీసి దుకాణానికి పట్టుకుపోయాడు.

ఒక సాయంత్రం టైలరమ్మ అటువైపు పని ఉండి దుకాణం దగ్గర ఆగింది. యజమాని ఇంకో పనివాడు చెక్కిన పలకని అందరికీ చూపించి మెచ్చుకుంటున్నాడు. పెయింటరు ఒళ్ళంతా రాతి దుమ్ముతో ఓ మూల నిలబడి ఆ పలకకేసి చూస్తున్నాడు. దవడలు బిగుసుకున్నాయి. ఆ బిగువు ఎలా ఉంటుందో తనకి తెలుసు కాబట్టి టైలరమ్మ పలకరించకుండా బయటే ఆగింది.

ఆయన వచ్చాక ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

"వాడి పని ఎలా ఉంది?" అంది కొంతదూరం పోయాక.

"బాగుంది," అన్నాడు. ఇంకాస్త దూరం పోయాక, "చాలా బాగుంది," అన్నాడు.

"మీది?"

"వంపు దగ్గర ఉలి ఆగిపోతోంది. రేపు చూడాలి."

ఆయన భుజం మీది దుమ్ము దులిపి ఆమె వేగంగా నడిచింది. ఇంట్లో ఇంకా రెండు చొక్కాలకి కాలర్లు వేయాల్సి ఉంది.