నకలు మరిచిన తలుపు

డిజిటల్ నాణేలకు తాళాలు రాసే ఆఫీసులో, కిటికీ లేని గదిలో, ఆమె తొమ్మిదేళ్లుగా కూర్చుంటోంది. అందరికీ తాళాల అక్కయ్య. ఆమె రాసే తాళమంటే నాలుగు ఆజ్ఞలే: తాళంచెవికి నకలు తియ్యి, ఆ నకలుతో ముద్ర వెయ్యి, దాచుకున్న ముద్రతో పోల్చు, అసలు తాళంచెవితో సంతకం సరిచూడు. ఇచ్చినవాటిలో కంచాల దొంతరలా పైన పెట్టినదాన్ని తాళం ముందు వాడుకుంటుంది.

ఆ గది తలుపూ ఆమె రాసినట్టే నడుచుకుంటుంది. ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో రాసి, సంతకం చేసి, కాగితం మీద తాళంచెవి పెట్టి తలుపు సందులో వెయ్యాలి. కాగితంలో పేరున్న మనిషినే వదులుతుంది. కొత్తగా చేరినవాళ్లు కూడా రెండోరోజుకి అలవాటు పడిపోతారు.

ఆరోజు సాయంత్రం ఐదులోపు విడుదల కాగితంతో వెళ్లకపోతే ఆమెకి ఇంకోచోట దొరికిన ఉద్యోగం చెయ్యిజారిపోతుంది. తనని బయటికి వదలమని ఆమె పెట్టుకున్న అర్జీ మీద పెద్దసారు సంతకం పెడితే అదే విడుదల కాగితం; ఆయనేమో దాన్ని మూడేళ్లుగా ఆ గదిలోని తన సొరుగులోంచి కదపలేదు. పైగా పొద్దున్నే తలుపుకి కొత్త తాళం రాయమన్నారు. మనసు మనసులో లేక ఏదో రాసి పడేసింది. రాసిందాన్ని ఇక దిద్దడం కుదరదు.

పెద్దసారు తనిఖీకి లోపలికొచ్చారు. ఆమె టీకి బయల్దేరింది. తలుపు ఆమె తాళంచెవిని ముద్ర కోసం మింగేసింది. సంతకం సరిచూడడానికి ఏమీ మిగల్లేదు. కాగితం వెనక్కొచ్చింది. కొత్త తాళంలో 'నకలు తియ్యి' అన్న మొదటి ఆజ్ఞే రాయలేదని అప్పుడు గుర్తొచ్చి ఆమెకి ఏడుపొచ్చింది.

నియమం ప్రకారం ఫోన్లు బయటే ఉన్నాయి. గంటలో పెద్దసారు నాలుగుసార్లు లేచి గోడలు తడిమారు.

"నకలు లేదు కాబట్టి రెండు తాళంచెవులు పెట్టాలి సార్. ఒకేలాంటివి రెండు మీ దగ్గరే ఉన్నాయి. రెండూ పోతాయి, వెళ్లేది ఒక్కరే," అంది ఆమె. తాళంచెవులు ఆయనవి కాబట్టి సంతకమూ ఆయనదే కావాలి.

ఒకటి ఆయన మెళ్లోనే ఉంది. రెండోదాని కోసం సొరుగు లాగారు. దానిమీద ఆమె అర్జీ ఉంది. ఆయన తెల్లకాగితం తీసి తన పేరు రాయబోయి ఆగిపోయారు. సిగ్గేసింది.

"తొమ్మిదేళ్లు ఎలా ఉన్నావమ్మా ఇందులో?"

"సాయంత్రానికి తలుపు తెరుచుకునేది కదా సార్."

ఆయన అర్జీ మీద సంతకం చేసి, తాళంచెవులు రెండూ దానిమీద పెట్టి సందులో వేశారు. తలుపు ఒకదానితో ముద్ర పోల్చుకుంది, రెండోదానితో సంతకం సరిచూసుకుంది. ఆమెని బయటికి వదిలి, కాగితం చేతికిచ్చి మూసుకుంది.

ఆమె మొదట ఆ గది గోడ పగలగొట్టడానికి మేస్త్రీని పంపించి, తర్వాత బస్సెక్కింది. ఐదుకి పది నిమిషాలుందనగా కొత్త ఆఫీసులో కాగితం అందించింది.

మేస్త్రీ పని ముగించేసరికి ఏడైంది. మర్నాడు ఆ కంత పూడ్చేస్తానని అతనంటే, పెద్దసారు వద్దని, అక్కడ కిటికీ పెట్టమన్నారట.