కొలబద్ద కురచైతే

లక్ష్మీకాంత్ సార్ మైకు ముందుకు వంగి నవ్విన నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా ఒళ్లు మండిపోతుంది.

పెనుకొండలో జిల్లా కాలేజీల సైన్సు పోటీ. ఆయనే జడ్జి. గెలిచినవాళ్లకు బెంగళూరులో నెల రోజుల పరిశోధన శిక్షణ. హిందూపురంలో నా దగ్గర ఫిజిక్స్ చదివే అశ్విని దానిమీదే ప్రాణం పెట్టుకుంది. వాళ్ల నాయన నల్లప్ప ధర్మవరంలో మగ్గం ఆపి మరీ చూడడానికి వచ్చాడు.

దూరపు గెలాక్సీల వెలుగు ఎందుకు ఎర్రబారుతుందన్నది ఆమె విషయం. విశ్వం సాగుతోంది కాబట్టి వెలుగూ సాగుతుందని అందరూ చెప్పేది ముందు చెప్పింది. దారిలో వెలుగు అలసిపోతుందన్న వాదం ఎందుకు నిలవదో చెప్పింది. అదే నిజమైతే దూరాన పేలే నక్షత్రాలు మనకు అంత నెమ్మదిగా ఆరిపోతూ కనిపించవట. ఆ తర్వాత మూడోది.

"విశ్వం పెరగడం లేదేమో సార్. మన అణువులే చిన్నవైతా ఉన్నాయేమో. వాటితో పాటు మన కొలబద్దలూ చిన్నవైతాయి. అప్పటి పెద్ద అణువుల వెలుగు అలలు పొడుగు, కాబట్టి అది మనకు ఎర్రగానే కనిపిస్తాది. లెక్కలు రెండిట్లోనూ ఒకటే వస్తాయి. ఏది నిజమో ఇంకా తేల్చలేం."

అప్పుడు నవ్వాడాయన. "మీది ధర్మవరం కదమ్మా? చీర కురచగా నేసి తప్పు కొలబద్దదనే బుద్ధి యాడికి పోతాది!"

హాలంతా నవ్వింది. ఆయనే మళ్లీ, "ఆ కడాన చెప్పిన మూడో మాట తప్పని చెప్పు. బెంగళూరుకు నిన్నే పంపిస్తా."

సిగ్గుండాలి మనిషికి! నేను లేచి, "ఎట్లా తప్పో మీరు చెప్పండి సార్" అన్నాను.

"పుస్తకంలో లేదు మేడమ్, కూర్చోండి."

వెనక నుంచి నల్లప్ప చేతులు జోడించి లేచాడు. "సార్ చెప్పినట్ల చెప్పు పాపా. పెద్దోళ్లతో మనకెందుకు."

అశ్విని వాళ్ల నాయన వైపు తిరిగింది. "పోయినేడు చీర కురచైందని షావుకారు నిన్ను దొంగ అన్నప్పుడు గూడా ఇట్లే చేతులు జోడిస్తివి నాయనా. నేను చెప్పను."

మైకు పెట్టేసి వెళ్లి నల్లప్ప పక్కనే కూర్చుంది. పాఠం అప్పజెప్పిన ఇంకెవరినో శిక్షణకు ఎంపిక చేశారు. తండ్రీకూతుళ్లను బస్టాండుకు తీసుకెళ్తూ దారి పొడుగునా ఆ జడ్జిని తిడుతూనే ఉన్నాను.

ధర్మవరం బస్సు వచ్చింది. ఎక్కబోతూ నల్లప్ప కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"మగ్గం మీద బిగువుగా ఉన్నప్పుడు కొలిచినా పాపా. కోసి దించితే బిగువు పోయి చీర రవ్వంత ముడుచుకుంటాది. అది దొంగతనం కాదు. ఈ మాట ఆ షావుకారుతో ఇంతవరకూ అనలేదు. ఇంటికి గాదు, ముందు ఆడికే పోదాం, పా."