పలకని పిలుపు

ఆ పిల్లకి అప్పట్లో గువ్వ అని పేరు. తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న లిఫ్టు మెకానిక్కు. అమ్మ కోర్టులో టైపిస్టు. సాక్షి ఏమంటే అది పొల్లు పోకుండా దించెయ్యడం ఆమె పని. వీళ్ళతోపాటు నాయనమ్మ. ఆవిడకి కుడిచెవి పనిచెయ్యదు, ఎడమచెవి మాత్రం ఆవిడకి ఇష్టమైనప్పుడు పనిచేస్తుంది.

పదిరోజుల సెలవులో నలుగురూ పరాయి దేశంలో సముద్రం పక్కనే తిరుగుతున్నారు. అద్దెకి తీసుకున్న క్యాంపర్‌వ్యానే ఇల్లు. పొద్దున్నే పరుపు మడిస్తే అది సోఫా అవుతుంది, సోఫా మీద పలక దించితే భోజనాల బల్ల అవుతుంది. ఒకరు పళ్ళు తోముకుంటుంటే మిగతావాళ్ళు కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. నాయనమ్మ స్టవ్ మీద టీ పెడుతుంది. లిఫ్టు మెకానిక్కు వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు చక్రాలనీ తన్ని చూసి, "ఇక పదండి" అంటాడు. ఇలా రోజుకో కోట, రోజుకో రేవు.

మొదటి కోటలో వాళ్ళు మెట్లెక్కుతుండగా ఎదురుగోడలోంచి లిఫ్టు మెకానిక్కు గొంతు వినిపించింది. "అమ్మా, జాగ్రత్త! పాచి ఉంది!"

అతను నోరు విప్పనేలేదు. వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడే నాయనమ్మ కాలు జారింది. "అమ్మా, జాగ్రత్త! పాచి ఉంది!" అని అరిచి ఆవిడ రెక్క పట్టుకున్నాడు.

కోట కాపలాదారుకి ఇది రోజూ ఉండేదే. లిఫ్టు కంపెనీ శిక్షణలో మెకానిక్కుకి ఆ దేశం భాష కొంత అబ్బింది కాబట్టి, కాపలాదారు చెప్పింది ఇంట్లోవాళ్ళకి విప్పి చెప్పాడు. "వీళ్ళ తీరంలో ప్రతిధ్వని ముందొస్తుందట. గొంతెత్తి అరిచిన వాటికే. పడమరకి పోయేకొద్దీ ఇంకా ముందొస్తుందట."

"మంచి ఏర్పాటే. మొదటిసారి నాకెలాగూ వినపడదు, రెండోసారి వింటాను" అంది నాయనమ్మ.

మూడోరోజు చేరిన పాత నాటకశాలలో ప్రతిధ్వని టీ నీళ్ళు మరిగేంతసేపు ముందొచ్చింది. రాతిమెట్ల మీంచి గువ్వ గొంతు, "నేనే గెలిచా! నాన్న ఓడిపోయాడు!" అంది. ఇంతవరకూ పందెమే పెట్టుకోలేదు. లిఫ్టు మెకానిక్కుకి రోషం వచ్చింది. "అదీ చూద్దాం" అని నడుం బిగించాడు. కూతురికి ఎప్పుడూ ఓడిపోయినట్టు నటించేవాడు ఆరోజు నిజంగానే ప్రాణం పెట్టి పరిగెత్తాడు. సగం దూరంలో చెప్పు తెగింది. పిల్ల గోడ తాకి, గోడ ముందే చెప్పిన మాటలు చెప్పింది. అందరూ నవ్వారు. టైపిస్టు కూడా నవ్వింది కానీ, తెగిన చెప్పు వంకే కాసేపు చూస్తూ ఉండిపోయింది.

ఏడోరోజు మధ్యాహ్నం పడమటి కొసకి చేరారు. అక్కడ నేల ఆగిపోతుంది. కింద ఎక్కడో సముద్రం. అంచుకి ఇరవై అడుగుల్లో ఒక పాడుబడ్డ దీపస్తంభం, దాని పక్కన టిక్కెట్లిచ్చే గది. గదిలో ఒక పెద్దామె అల్లిక పని చేసుకుంటోంది. ఇంకెవరూ లేరు. గాలి ఉంది కానీ గడ్డి కదలడం లేదు.

వ్యాను ఆపి బల్ల దించారు. టైపిస్టు రొట్టె కోస్తోంది. అప్పుడు కొండచరియలోంచి ఆమె గొంతు వచ్చింది.

"గువ్వా!"

కత్తి ఆగిపోయింది.

"గువ్వా!" కాసేపు ఏమీ లేదు. తర్వాత, ఆ గొంతులోంచి అలాంటి చప్పుడు రాగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియని చప్పుడు. "గువ్వా! చెయ్యి! చెయ్యివ్వు!"

ఆ తర్వాత ఇంకేమీ రాలేదు.

"అమ్మా, ఎందుకు పిలిచావు?" అంది పిల్ల, నోట్లో రొట్టెముక్కతో.

లిఫ్టు మెకానిక్కు అప్పటికే డ్రైవరు సీట్లో ఉన్నాడు. తాళంచెవి పెట్టేశాడు కూడా. "ఎక్కండి, పోదాం. ఇక్కడ లేకపోతే ఇక్కడ అరిచేదెవరు?"

టిక్కెట్లామె అల్లిక పట్టుకునే వ్యాను కిటికీ దగ్గరికొచ్చింది. ఆవిడ చెప్తుంటే అతను తాళంచెవి బయటికి లాగేశాడు. భార్యకి సగం సగం చెప్పాడు. "ఇక్కడ గంట ముందొస్తుందట. ఇదివరకూ కొందరు వెళ్ళిపోయారట. ఒకళ్ళకి బొమ్మ మర్చిపోయామని గుర్తొచ్చింది, ఒకళ్ళు దారి తప్పారు. గంటలోపల అందరూ మళ్ళీ ఇక్కడికే వచ్చారట. వచ్చిన హడావుడిలో..." అని ఆపేశాడు.

"హడావుడిలో ఏమైంది?"

"పట్టుకోవడానికి పక్కన ఎవరూ లేరట."

టైపిస్టు రొట్టె చుట్టిన కాగితం తీసి, పెన్సిలుతో తను విన్నది విన్నట్టు రాసింది. ఎక్కడ ఎంతసేపు ఆగిందో గీతలు కూడా పెట్టింది. ఇరవయ్యేళ్ళ అలవాటు. రాసింది రెండుసార్లు చదివింది.

"ఏవండీ, ఇందులో నేనన్న మాటలున్నాయి. ఏం జరిగిందో లేదు" అంది.

"అంటే?"

"పడిపోయిందని ఎవరూ అనలేదు. నేను పిలిచాను, అది పలకలేదు. అంతే ఉంది."

నాయనమ్మ ఎడమచెవి ఇటు తిప్పింది. "అయితే పిలిచెయ్యవే అమ్మాయ్. దాన్ని ఒళ్ళో పెట్టుకునే పిలు."

దీపస్తంభం గోడకి ఆనుకుని, అంచుకి దూరంగా కూర్చున్నారు. మెకానిక్కు తన నడుం తాడు ఒక కొస కూతురి నడుముకి కట్టి, రెండో కొస తన చేతికి చుట్టుకున్నాడు. లిఫ్టు గోతుల్లోకి దిగేటప్పుడు వాడే తాడు, సెలవుల్లో కూడా వదలకుండా తెచ్చుకున్నాడు. నాయనమ్మ పిల్ల కాళ్ళు పట్టుకుంది. టైపిస్టు ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది.

"నేను నిన్ను పిలుస్తాను. నువ్వు పలకొద్దు."

"పిలిస్తే పలకొద్దా?"

"పలకొద్దు. ఎంత గట్టిగా పిలిచినా సరే."

"ఆటా?"

"ఊఁ."

గంట గడవడం అంటే ఏమిటో ఆరోజు వాళ్ళకి తెలిసింది. పిల్లకి విసుగొచ్చింది, దురదలొచ్చాయి, దాహమేసింది. చివరికి లిఫ్టు మెకానిక్కు వాచీ చూసి తల ఊపాడు.

"గువ్వా!" అంది టైపిస్టు. ఆ మొదటి పిలుపు అరువు తెచ్చుకున్నట్టు వచ్చింది. ఇలా కాదేమో, సరిపోదేమో అనుకుంది.

పిల్ల కళ్ళలోకి కళ్ళు పెట్టి చూస్తోంది. పలకలేదు.

"గువ్వా!"

పలకలేదు. పెదాలు బిగించుకుంది. నవ్వు ఆపుకుంటోందనుకుంది తల్లి. కాదు, నవ్వు లేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ పిలుపుకి ఎప్పుడూ 'ఊఁ' అనో 'వస్తున్నా' అనో, కనీసం ఒక కాలి చప్పుడో జవాబుగా వచ్చేది. ఇప్పుడు రెండడుగుల దూరంలో కూర్చుని, రోడ్డు మీద పోయేవాళ్ళని చూసినట్టు చూస్తోంది. ఆ కళ్ళలోంచి ఏదో వెనక్కి వెనక్కి జరిగిపోతోంది. అది అంచు దాకా పోయినట్టు తల్లికి తెలిసిపోయింది.

"గువ్వా!" కడుపులోంచి వచ్చింది. ఎవరూ నేర్పనిది. "చెయ్యి! చెయ్యివ్వు!"

పిల్ల చెయ్యి చాపింది. వెచ్చగా, రొట్టె పొడి అంటుకుని ఉంది. తల్లి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. మెకానిక్కు చేతిలో తాడు ఒక్కసారి బిగిసి, వదులైంది. కానీ ఎవరూ కదలనేలేదు.

"బతికిందిరా నాయనా" అంది నాయనమ్మ.

అందరూ ఏడ్చారు. పిల్ల ఒక్కతే ఏడవలేదు. లేచి వ్యాను దగ్గరికెళ్ళి, బల్ల మీద మిగిలిన రొట్టె తినసాగింది. కాసేపటికి నాయనమ్మ, "గువ్వా, నీళ్ళు తాగవే" అంది. పిల్ల తిరగలేదు. మళ్ళీ పిలిచింది. తిరగలేదు.

తల్లి వెళ్ళి భుజం మీద చెయ్యేసింది. "నాయనమ్మ పిలుస్తోంది."

"నన్నా? ఎవర్నో పిలుస్తోందనుకున్నా."

"మరి నీ పేరేంటి?"

పిల్ల ఆలోచించింది. "నువ్వే చెప్పాలి కదమ్మా" అంది, అందులో వింతేమీ లేనట్టు.

టిక్కెట్లామె అల్లిక సంచీ సర్దుకుని వ్యాను దగ్గరికొచ్చింది. సాయంత్రమవుతోంది, గది మూసే వేళ. మెకానిక్కుతో ఏదో అంది. అతను భార్యకి చెప్పాడు.

"పేరు సరిగ్గా ఎలా పలకాలో నేర్పమంటోంది. ఇక్కడ ఇప్పటికే ఇలా ఆరుగురు పిల్లలున్నారట. పొద్దువాలేటప్పుడు వాళ్ళని తనే అంచు దగ్గర్నుంచి వెనక్కి పిలవాలట. తప్పుగా పిలిస్తే రారట."

టైపిస్టు నేర్పింది. పెద్దామె నాలుక తిరక్క మొదట 'గువా' అంది. "కాదు, వత్తి పలకాలి" అని మళ్ళీ చెప్పింది. నాలుగోసారికి సరిగ్గా వచ్చింది.

పిల్ల వ్యాను మెట్టు మీద కూర్చుని ఇదంతా వింటోంది. "అమ్మా, ఎవరా గువ్వ? ఇక్కడే ఉంటుందా?"

"ఊఁ."

"పాపం, వాళ్ళమ్మ లేదా?"

తల్లి వ్యానులోకెళ్ళి, పరుపు కింద పెట్టె లాగి, మడత పెట్టిన పిల్ల స్వెట్టరు ఒకటి తెచ్చింది. పెద్దామె ఎందుకని అడగలేదు. చేతుల పొడవు తన వేళ్ళతో కొలిచి చూసుకుని, అల్లిక సంచీలో పెట్టుకుంది.